పాలిచ్చే తల్లికి గోధుమ పడకపోతే

గోధుమ మానేయాలని అనుకుంటున్నారా? మానేసే ముందు ఒక్క రక్తపరీక్ష చేయించుకోండి. అమెరికా వచ్చిన కొత్తలో నేను చేయని పని అదే. కాన్పయ్యాక రెండో నెల నుంచి ఏం తిన్నా కడుపు ఉబ్బరం, విరేచనాలు, ఒకటే నీరసం. ఎవరో చెప్పారని చపాతీలు, బ్రెడ్డు మానేశాను. ప్రాణం హాయిగా ఉంది. ఇంకో మూడు నెలలకు తీరిగ్గా డాక్టర్ దగ్గరికి వెళ్తే పరీక్షలో ఏమీ తేలలేదు.

తేలదు మరి. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని జబ్బు సీలియాక్. దానికి మొదట చేసే టీటీజీ పరీక్ష రక్తంలో యాంటీబాడీలను వెతుకుతుంది. గ్లూటెన్ తినడం ఆపేస్తే అవి మెల్లగా తగ్గిపోయి, జబ్బు ఉన్నా లేనట్టే రిపోర్టు వస్తుంది. నన్ను మళ్ళీ ఆరు వారాలు రోజూ బ్రెడ్డు తిని రమ్మన్నారు. చంకలో పసిపిల్ల, పొట్టలో మంట, రాత్రి ఎన్నిసార్లు లేచానో లెక్క లేదు. ఆ ఆరు వారాలు మీకు వద్దు. ఇప్పటికే మానేసి ఉంటే ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పండి. జన్యు పరీక్ష ఒకటుంది, దానికి గోధుమ తింటూ ఉండాల్సిన పనిలేదు. అందులో ఆ జన్యువులు లేవని వస్తే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉన్నాయని వస్తే మాత్రం జబ్బు ఉందని అర్థం కాదు, ఆ జన్యువులు చాలామందిలో ఉంటాయి.

ఇంత పట్టుబట్టి తేల్చుకోవడం ఎందుకంటే, ‘గోధుమ పడదు’ అనే ఒక్క మాట కింద మూడు వేరువేరు సంగతులున్నాయి. సీలియాక్ అయితే ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నపేగును దెబ్బతీస్తుంది. గోధుమ, బార్లీ, రై (గోధుమలాంటి ఇంకో ధాన్యం) మూడూ జీవితాంతం బంద్, పొడి రాలినా లెక్కే. గోధుమ అలర్జీ అయితే దద్దుర్లు, ఆయాసం రావొచ్చు, అది ప్రమాదం. కానీ బార్లీ పడొచ్చు. మూడోది ఉత్త అజీర్తి. చాలామందిలో దీనికి కారణం గ్లూటెన్ కాకపోవచ్చు, గోధుమలో ఉండే ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థం కావొచ్చు. అవి ఉల్లి, వెల్లుల్లిలోనూ ఉంటాయి. వెల్లుల్లి కారం కలుపుకొని తింటూ గోధుమను మాత్రం తిట్టుకుంటే లాభం లేదు కదా.

ఇక బిడ్డ సంగతి. తల్లి తిన్న గోధుమ ప్రొటీన్ లేశమాత్రంగా పాలలోకి వెళ్తుంది, నిజమే. కానీ మీరు మానేసినంత మాత్రాన బిడ్డకు సీలియాక్ రాకుండా ఆగదు. గ్లూటెన్ మానాల్సింది మీ ఒంటికి పడకపోతేనే. ఆవుపాల విషయంలోనూ ఇలాంటి గందరగోళమే. ‘నాకు లాక్టోజ్ (పాలలోని చక్కెర) పడదు, నా పాలు బిడ్డకు పడవేమో’ అని పాలివ్వడం మానేసిన వాళ్ళను చూశాను. చనుబాలలో లాక్టోజ్‌ను తయారు చేసేది రొమ్మే. మీరు పెరుగు తిన్నా తినకపోయినా అది ఉండే తీరుతుంది, బిడ్డ దాన్ని మామూలుగానే అరిగించుకుంటుంది.

బిడ్డకు పడకపోయేది ఆవుపాల ప్రొటీన్. మలంలో నెత్తురు చారలు, జిగురు, తగ్గని ఎగ్జిమా (చర్మం మీద దురద పెట్టే మచ్చలు), పదేపదే వాంతులు కనిపిస్తే పిల్లల డాక్టర్‌కు చూపించండి. తల్లిని రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, పన్నీర్ మానమంటారు. నెయ్యిలో కూడా కాస్త పాల ప్రొటీన్ మిగిలి ఉంటుంది కాబట్టి ఆ వారాల్లో అదీ వద్దు. గడువు అయ్యాక, డాక్టర్ సరేనంటే మళ్ళీ తిని చూడాలి. ఈ రెండో సగం ఎవరూ చేయరు. బిడ్డ ఏడుపు సుమారు ఆరో వారంలో బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు దానంతట అదే తగ్గుతుంది. సరిగ్గా ఆ మధ్యలో మీరు ఏది మానేసినా అదే పనిచేసినట్టు కనిపిస్తుంది! నేను పప్పు మానేసి, పిల్ల ఊరుకుందని సంబరపడ్డాను. పాపం, పప్పుది ఏ తప్పూ లేదు.

లేబుళ్ళ దగ్గరికొద్దాం. ఇక్కడి ఆహారం, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో పెట్టిన నియమం ప్రకారం ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాస్తే అందులో గ్లూటెన్ 20 పీపీఎం (పది లక్షల భాగాల్లో 20) కన్నా తక్కువ ఉండాలి. అలా రాయడం మాత్రం తప్పనిసరి కాదు. 2004 నాటి అలర్జీ చట్టం వల్ల గోధుమ ఉంటే ప్యాకెట్ మీద చెప్పి తీరాలి, బార్లీ, రైలకు ఆ నిబంధన లేదు. అందుకే ‘వీట్ ఫ్రీ’ చూసి మోసపోకండి. అమెరికన్ ప్యాకెట్ మీద ఉత్తినే ‘మాల్ట్’ అని ఉంటే సాధారణంగా అది బార్లీయే. మన రాగి మాల్ట్ వేరు, అది మొలకెత్తిన రాగుల పిండి, అయినా అందులో ఇంకేం కలిపారో చదవండి. ఓట్స్ మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉంటేనే కొనండి, పొలం నుంచి మిల్లు దాకా గోధుమతో కలిసే ప్రయాణం చేస్తాయి. అవి కూడా కొందరికి పడవు.

మన వంటింట్లో అసలు దొంగ ఇంగువ. డబ్బాలో వచ్చే పొడి ఇంగువలో చాలా రకాలకు గోధుమపిండి కలుపుతారు. నెలల తరబడి ఒక్క చపాతీ ముట్టకుండా ఉండి, రోజూ చారులో అది వేసుకున్నాను. బియ్యప్పిండి కలిపిన రకాలు దొరుకుతాయి, వెనక్కి తిప్పి చూడండి. ఉప్మా రవ్వ, సేమియా గోధుమే అని కొందరికి చెప్పాల్సి వస్తోంది. బాలింత కోసం ఇండియా నుంచి అమ్మావాళ్ళు సూట్‌కేసులో మోసుకొచ్చే హార్లిక్స్‌లో గోధుమ, బార్లీ రెండూ ఉంటాయి. బార్లీ నీళ్ళూ వద్దు. హోటల్లో దోసె తినాలంటే రవ్వ దోసె అదే పెనం మీద వేస్తారా అని అడగండి. ఇంట్లో అయితే పూరీలు వేయించిన నూనె మళ్ళీ మీకు వాడకూడదు, చపాతీ పెనం వేరుగా ఉండాలి.

అన్నిటికన్నా నాకు భయం వేసేది పథ్యం మీద పథ్యం. పెద్దవాళ్ళు కాన్పైన ఇంట్లో వంకాయ, గుమ్మడి, చల్లటివి వద్దంటారు. మీరు గోధుమ మానారు, పిల్ల కోసం పాలు మానారు, శాకాహారులు కూడా. ఇంక మిగిలేది కారం అన్నమే. పాలిచ్చే తల్లికి మామూలు కన్నా రోజుకు 330 నుంచి 400 క్యాలరీలు ఎక్కువ కావాలి, క్యాల్షియం 1000 మిల్లీగ్రాములు కావాలి. ఇక్కడి తెల్ల గోధుమపిండిలో ఎక్కువగా ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిపి అమ్ముతారు, గ్లూటెన్ లేని పిండి చాలావాటిలో కలపరు. బీ12 సంగతి మరీ ముఖ్యం. అది శాకంలో దొరకదు. తల్లికి తక్కువైతే పాలలోనూ తక్కువవుతుంది, బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతినొచ్చు. కాబట్టి బీ12, ఐరన్, విటమిన్ డీ పరీక్షలు అడిగి చేయించుకోండి, గర్భంలో వేసుకున్న విటమిన్ మాత్రలు డాక్టర్ వద్దనే దాకా ఆపకండి. మీ పాలే తాగే బిడ్డకు రోజూ 400 యూనిట్ల విటమిన్ డీ చుక్కలు ఎలాగూ వేయాలి.

అత్తగారితో ఈ విషయంలో వాదనకు దిగకండి. ‘డాక్టర్ చెప్పారు అత్తయ్యా’ అంటే చాలావరకు సరిపోతుంది. రాగి సంకటి, జొన్నరొట్టె, పెసరట్టు చేసి పెట్టమనండి, ఆవిడ చేతికి పని దొరుకుతుంది, మీకు కడుపు నిండుతుంది. జొన్నపిండి, రాగిపిండి కూడా గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్నవే కొనండి, గోధుమ పట్టిన మిల్లులోనే అవీ పడతారు. చాలా ఇన్సూరెన్స్ ప్లాన్లలో పాలివ్వడానికి సలహా ఇచ్చే కన్సల్టెంట్‌కు మీ జేబులోంచి పైసా కట్టక్కర్లేదు. డైటీషియన్ సంగతి మాత్రం ప్లాన్‌ను బట్టి ఉంటుంది, ముందే ఫోన్ చేసి అడగండి.

పిల్లకు అన్నప్రాశన అయ్యాక ఇంకో ప్రశ్న వస్తుంది. మీకు సీలియాక్ ఉన్నా బిడ్డకు గోధుమ పెట్టొచ్చు. నాలుగో నెల నిండాక, ఏడాది లోపు, కొంచెం కొంచెంగా మొదలుపెట్టమంటారు, ఎప్పుడన్నది మీ డాక్టర్‌తో మాట్లాడుకోండి. తల్లికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సుమారు పదిలో ఒకటి, అందుకే తర్వాత పిల్లకూ పరీక్ష చేస్తారు. ఆ పరీక్ష తేలాలన్నా పిల్ల గోధుమ తింటూ ఉండాలి. మా ఇంట్లో పిల్లకు గోధుమ ఉప్మా తినిపించే డ్యూటీ వాళ్ళ నాన్నది. ఎంగిలి గిన్నెలో మిగిలింది నోట్లో వేసుకునే అలవాటు మానడానికి మాత్రం నాకు ఏడాది పట్టింది.