కోనసీమలో లినక్స్ ఫోను వాడకం: కాల్స్, చెల్లింపులు, తెలుగు, ఒక రొయ్యల చెరువు

నమస్కారమండి. నరసాపురంలో ఉంటున్నానని, ఆండ్రాయిడ్‌ను పూర్తిగా వదిలి లినక్స్ ఫోనుకు మారాలనుకుంటున్నానని చెబుతూ, జియో సిమ్ పని చేస్తుందా, యూపీఐ నడుస్తుందా, తెలుగు సరిగా వస్తుందా, ఏ ఫోను కొనాలి అని మీరు అడిగారు. నేను అమలాపురం దగ్గర పల్లెలో ఉంటాను. లినక్స్ కోసమే తయారైన పైన్‌ఫోను ఒకటి, ఆండ్రాయిడ్ తీసేసి పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అనే లినక్స్ వ్యవస్థ వేసుకున్న పాత రెడ్‌మీ 2 ప్రైమ్ ఒకటి వాడుతున్నాను. సూటిగా చెప్పాలంటే, మీకున్న ఒకే ఒక్క ఫోనుగా లినక్స్ ఫోనును పెట్టుకోకండి. రెండో ఫోనుగా మాత్రం తప్పకుండా పెట్టుకోండి, పెట్టుకుని దానికి ఒక పని అప్పగించండి. కారణాలు కింద వివరంగా రాస్తున్నాను.

ఆండ్రాయిడ్‌లో అడుగున ఉండి పరికరాన్ని నడిపించే భాగం, అంటే కెర్నెల్, కూడా లినక్సే కాబట్టి తేడా ఏముందని మీకు అనిపించవచ్చు. ఇక్కడ నేను మాట్లాడుతున్నది కంప్యూటర్లలో నడిచే డెబియన్, ఆల్పైన్ వంటి లినక్స్ వ్యవస్థలనే ఫోనులో నడిపించడం గురించి. మోబియన్ అనేది డెబియన్ మీద, 2017లో మొదలైన పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ ఆల్పైన్ మీద ఆధారపడినవి. తయారీదారు రెండు మూడేళ్లకు వదిలేసిన ఫోనును పదేళ్లపాటు పనికొచ్చేలా ఉంచాలన్నది పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వారు పెట్టుకున్న లక్ష్యం. నన్ను ఇటువైపు లాగినది కూడా ఆ లక్ష్యమే.

ముందు కాల్స్ సంగతి చూద్దాం, ఎందుకంటే మన దేశంలో లినక్స్ ఫోను కొనేవారు మొదట తట్టుకునే రాయి ఇదే. 2016లో మొదలైన జియోకు 2జీ, 3జీ లేవు. అక్కడ మాట కూడా 4జీ డేటా మీదుగానే, అంటే వోల్టీ ద్వారానే వెళ్లాలి. వోల్టీ నడవాలంటే ఆ నెట్‌వర్కుకు తగిన అమరిక మోడెమ్‌లో, అంటే సిగ్నల్ అందుకునే చిప్‌లో, ఉండాలి, దానితో మాట్లాడే సాఫ్ట్‌వేర్ ఫోనులో ఉండాలి, కాల్ శబ్దం మోడెమ్ నుంచి స్పీకరు దాకా చేరే దారి కూడా సరిగా ఉండాలి. ఆండ్రాయిడ్ ఫోనులలో ఈ పనంతా తయారీదారు తన సొంత మూసిన కోడుతో చేసి పెడతాడు. బయటి స్వచ్ఛంద రచయితలకు ఆ కోడు అందదు కనుక చాలా లినక్స్ ఫోనులలో జియో సిమ్ వేస్తే ఇంటర్నెట్ వస్తుంది, కాల్ మాత్రం రాదు. ఉబుంటు టచ్ అనే మరో లినక్స్ ఫోను వ్యవస్థలోనూ కొద్ది పరికరాలలోనే వోల్టీ ఉంది. పైన్‌ఫోనులోని క్వెక్టెల్ ఈజీ25-జీ మోడెమ్‌కు వోల్టీ సామర్థ్యం ఉంది కానీ, సరైన అమరికను ఎంచి దానిలోకి ఎక్కించే పని మన మీదే పడుతుంది.

నేను ఆ జోలికి పోకుండా ఎయిర్‌టెల్ సిమ్ వేసుకున్నాను. ఎయిర్‌టెల్ 3జీని మూసివేసింది కానీ 2జీని ఉంచింది. కాల్ వచ్చినప్పుడు ఫోను 4జీ నుంచి 2జీకి దిగి మాట్లాడి, కాల్ ముగిశాక మళ్లీ 4జీకి ఎక్కుతుంది. అలా దిగడానికి కొన్ని క్షణాలు పడుతుంది, మాట్లాడుతున్నంతసేపు ఇంటర్నెట్ ఆగిపోతుంది, అయినా మాట స్పష్టంగానే వినబడుతుంది. కాబట్టి ఏ ఫోను కొనాలా అని ఆలోచించే ముందు, మీ ఇంటి దగ్గర, మీరు రోజూ తిరిగే చోట 2జీ సిగ్నల్ ఎవరిది బాగుందో చూసుకోండి. ఇక్కడ ఫోనును ఎంపిక చేసేది నిజానికి సిమ్మే.

చెల్లింపుల విషయంలో ఆశ పెట్టుకోవద్దు. యూపీఐ యాప్ మొదట చేసే పని, మీ సిమ్ నుంచే తనంతట తాను ఒక ఎస్సెమ్మెస్ పంపి ఆ ఫోనునూ ఆ నంబరునూ బ్యాంకు ఖాతాకు కట్టివేయడం. లినక్స్ ఫోనులో ఆండ్రాయిడ్ యాప్‌లు నడపడానికి వేడ్రాయిడ్ అనే ఏర్పాటు ఉంది కానీ, దాని లోపలి ఆండ్రాయిడ్‌కు సిమ్ కనబడదు. కనబడని సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ ఎలా పంపుతుంది? దానికి తోడు, గూగుల్ ధ్రువీకరించిన పరికరం కాదని అనేక బ్యాంకుల యాప్‌లు మొదటి తెరలోనే ఆగిపోతాయి. బ్యాంకు వెబ్‌సైటు ఫైర్‌ఫాక్స్‌లో తెరుచుకుంటుంది, ఓటీపీలు మామూలుగానే వస్తాయి, కరెంటు బిల్లు కట్టడానికి అది చాలు. మోడెమ్ ద్వారా, ఇంటర్నెట్ లేకుండా డబ్బు పంపే *99# సేవను పిలిచి ఒక్కసారికి 5,000 రూపాయల వరకు పంపే మార్గం ఉంది. కానీ చేపల బజారులో వెనుక జనం నిలబడి ఉండగా ఆ మెనూలన్నీ దాటుకుంటూ చెల్లించడం జరిగే పని కాదు. వాట్సాప్ కూడా బ్రౌజరులో జత పరికరంగా నడుస్తుంది కానీ, ప్రధాన ఫోనులో 14 రోజులు తెరవకపోతే జత తెగిపోతుంది. ఇన్ని కారణాల వల్ల ఒక ఆండ్రాయిడ్ ఫోను ఇంట్లో ఉండక తప్పదు. అలా ఉంచుకోవడం మన ఓటమి ఏమీ కాదు. ఆ తలుపుల తాళాలు మన చేతిలో లేవు, అంతే.

తెలుగు సంగతి ఇంతకన్నా చాలా సంతోషకరం. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వేసిన వెంటనే తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల చోట గళ్లు కనబడతాయి, దాన్ని చూసి కంగారు పడకండి. చిన్న వ్యవస్థ కావాలని ఫాంట్లను విడిగా ఉంచారు. నోటో తెలుగు ఫాంటు ప్యాకేజీ వేసుకుంటే సరిపోతుంది. మీకు రామభద్ర, మండలి, ఎన్టీఆర్ వంటి స్వేచ్ఛా లైసెన్సు ఫాంట్లు ఇష్టమైతే వాటిని ఫోల్డరులో వేసుకుంటే చాలు, అనుమతి అడిగేవారు లేరు. ‘స్త్రీ’, ‘లక్ష్మి’ వంటి సంయుక్తాక్షరాలు బ్రౌజరులోనూ, సందేశాలలోనూ తప్పులేకుండా కూర్చబడతాయి. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో మాత్రం ఒత్తులు చెదిరిపోతాయి. ఒక్కో అక్షరానికి ఒక్కో గడి చొప్పున కేటాయించే పద్ధతి మన లిపికి నప్పదు.

తెరమీది కీబోర్డు దగ్గర కొంత శ్రమ పడాలి, కానీ నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఈ శ్రమే. ఫోష్ అనే ముఖతలంలో (తెరమీద కనబడే ఇంటర్‌ఫేస్‌లో) నేను వాడే స్క్వీక్‌బోర్డు కీబోర్డుకు ప్రతి భాష అమరికా ఒక మామూలు పాఠ్య ఫైలు. ఏ వరుసలో ఏ మీటలు ఉండాలో అందులో వరుసగా రాస్తే, ఆ కీబోర్డు తెరమీద ప్రత్యక్షమవుతుంది. నేను ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ అమరికను తీసుకుని, నిలువుగా పట్టుకున్న తెరమీద వరుసకు పది మీటలకు మించి వేలికి అందవు గనుక, అరుదుగా వచ్చే ఙ, ఞ, ఋ వంటి వాటిని రెండో పేజీకి పంపించాను. ఇన్‌స్క్రిప్ట్‌లో గుణింతపు గుర్తులు ఎడమవైపు, హల్లులు ఎక్కువగా కుడివైపు ఉంటాయి. రెండు బొటనవేళ్లతో కొట్టేవారికి ఇది ఎంత అనువైనదో వాడితే గాని తెలియదు. ‘అమలాపురం’ అని కొడుతున్నప్పుడు ‘ల’ దగ్గర నుంచి కుడి వేలు, ఎడమ వేలు వంతులవారీగా పడుతూ పోతాయి: ల, దీర్ఘం, ప, కొమ్ము, ర, సున్న. పదాలను ముందుగా ఊహించి చూపించే సౌకర్యం, మాట్లాడితే రాసే సౌకర్యం ఇందులో లేవు. మా అమ్మగారు సందేశాలన్నీ నోటితోనే చెబుతారు కాబట్టి ఆవిడ ఈ ఫోను ముట్టుకోరు. మెనూల తెలుగు అనువాదం కూడా అసంపూర్ణంగా ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ కార్యకర్తల వంటివారు ఏళ్ల తరబడి చేసిన పని ఇందులో కనబడుతుంది. మిగిలినది పూర్తి చేయడానికి మీలాంటివారు చేయి కలిపితే బాగుంటుంది.

పైన్‌ఫోను గురించి రెండు మాటలు. 2020లో 149 డాలర్లకు వచ్చిన ఆ ఫోనును మా బావగారు విదేశం నుంచి వస్తూ తెచ్చిపెట్టారు. 2 జీబీ ర్యామ్, చాలా నెమ్మదైన ప్రాసెసరు. బ్రౌజరులో బరువైన పేజీ తెరిస్తే ఆగి ఆగి కదులుతుంది. బ్యాటరీ పొదుపు కోసం ప్రధాన ప్రాసెసరు నిద్రపోతుంది, కాల్ వస్తే మోడెమ్ దాన్ని లేపుతుంది. ఆ లేచే లోపు అవతలివారికి రెండు మూడు రింగులు వినబడిపోతాయి. వెనుక మూత తీస్తే మోడెమ్, వైఫై, మైకు, కెమెరాలను విడివిడిగా ఆపేసే బుల్లి స్విచ్‌లు ఉంటాయి. దీని బ్యాటరీ శాంసంగ్ జే7 బ్యాటరీ కొలతతోనే ఉంటుంది కాబట్టి, పాడైతే మన ఊరి మొబైల్ రిపేరు దుకాణంలోనే మరొకటి దొరుకుతుంది. మారుమూల ఉండేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఇక పని అప్పగించడమంటే ఏమిటో చెబుతాను. మా మావయ్యగారికి రొయ్యల చెరువు ఉంది. రాత్రిపూట నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లవారుజాముకు నీటిలో ఆక్సిజన్ పడిపోయి, రొయ్యలు పైకి తేలి, పంట మొత్తం పోతుంది. కరెంటు పోయిన వెంటనే జనరేటర్ వేస్తే ఏమీ కాదు. కానీ కాపలా మనిషి కునుకు తీసిన సమయంలోనే కరెంటు పోతే ఎవరికీ తెలియదు. ఈ కాపలా పనికే రెడ్‌మీ 2 ప్రైమ్‌ను పెట్టాను. 2015లో మన రాష్ట్రంలోని శ్రీసిటీలో తయారైన ఫోను అది. తయారీదారు నుంచి నవీకరణలు ఎన్నడో ఆగిపోయాయి, కానీ దానిలోని స్నాప్‌డ్రాగన్ 410 చిప్‌కు పోస్ట్‌మార్కెట్‌ఓఎస్‌లో కొత్త కెర్నెల్ మద్దతు చక్కగా ఉంది. ఫోనులో సొంత బ్యాటరీ, సొంత మోడెమ్ ఉన్నాయి కాబట్టి కరెంటు పోయినా అది బతికే ఉంటుంది, వైఫై లేకపోయినా కబురు పంపగలదు. ఇవే సౌకర్యాలు విడి బోర్డులతో సమకూర్చుకోవాలంటే ఖర్చు ఎక్కువ, తీగలు ఎక్కువ.

లినక్స్‌లో ఛార్జరు తగిలించి ఉందో లేదో ఒక ఫైలులో 1 లేదా 0 అని కనబడుతుంది. పది సెకన్లకు ఒకసారి ఆ ఫైలును చదివే చిన్న షెల్ స్క్రిప్టు, అంటే ఆదేశాల జాబితా, రాశాను. ఒక నిమిషంపాటు వరుసగా 0 ఉంటే, మోడెమ్‌ను నడిపే మోడెమ్‌మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా మొదట మావయ్యగారికి, తరువాత కాపలా మనిషికి కాల్ చేస్తుంది. ఎస్సెమ్మెస్ చప్పుడుకు నిద్రలో ఉన్న మనిషి లేవడు, మోగుతూనే ఉన్న ఫోనుకు లేస్తాడు. ఆ నంబరు నుంచి కాల్ వచ్చిందంటే ఎత్తనక్కర లేదు, జనరేటర్ దగ్గరకు పరుగెత్తడమే. ఒక నిమిషం ఆగడం ఎందుకంటే, మన పల్లె లైన్లలో కరెంటు రెప్పపాటు పోయి రావడం మామూలు.

ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. ఛార్జరు ఒక్క ఫేజు మీద నడుస్తుంది, ఏరియేటర్ మోటార్లకు మూడు ఫేజులూ కావాలి. ఛార్జరును గోడ సాకెట్‌లో పెడితే, మిగతా రెండింటిలో ఒక ఫేజు పోయి మోటార్లు ఆగిపోయినా ఫోనుకు అంతా బాగున్నట్టే కనబడుతుంది. అందుకని ఎలక్ట్రీషియన్ చేత స్టార్టరుకు అవతలి వైపు నుంచి ఛార్జరుకు లైను ఇప్పించాను. ఫేజు పోయి స్టార్టరు పడిపోతే ఛార్జరూ ఆగుతుంది, కాల్ వెళుతుంది. పగలు కావాలని ఏరియేటర్లు ఆపే వేళల్లో స్క్రిప్టు ఊరుకుంటుంది. రోజూ సాయంత్రం ఆరింటికి బ్యాటరీ శాతంతో ఒక ఎస్సెమ్మెస్ కూడా వస్తుంది. ఆ సందేశం రాలేదంటే సిమ్ గడువు తీరిందనో, ఫోను ఆగిందనో అర్థం, చీకటి పడేలోపు వెళ్లి చూసుకుంటారు.

ఇదే పని చేసే ఆండ్రాయిడ్ యాప్‌లు లేకపోలేదు. కానీ బ్యాటరీ పొదుపు పేరుతో ఆండ్రాయిడ్ ఎప్పుడు ఏ యాప్‌ను పడుకోబెడుతుందో మనకు చెప్పదు. పంట దాని మీద ఆధారపడి ఉన్నప్పుడు అలాంటి దాన్ని నేను నమ్మలేను. నా స్క్రిప్టును నేను చదవగలను, దాని కింద ఉన్న ప్రతి పొరనూ ఎవరో ఒకరు చదవగలరు. రేకుల షెడ్డు వేడిలో ఎప్పుడూ ఛార్జింగులో ఉండే బ్యాటరీ ఉబ్బుతుందన్నది మాత్రం మరవకండి. ఫోనును నీడలో, గాలి ఆడేచోట వేలాడదీసి, అప్పుడప్పుడు మూత తీసి చూసి, ఉబ్బు కనబడగానే బ్యాటరీ మార్చాలి. ఈ మోడల్‌లో బ్యాటరీ చేత్తో తీయగలిగేది కావడం కూడా దాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం.

మీ చివరి ప్రశ్న, ఏది కొనాలి అన్నది. విదేశం నుంచి తెప్పించే పైన్‌ఫోనుకు కస్టమ్స్ సుంకం తోడవుతుంది, వేగమూ తక్కువ. మొదటిసారి అయితే కొత్తది కొనవద్దు. భీమవరంలోనో పాలకొల్లులోనో పాత ఫోనుల దుకాణంలో పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ జాబితాలో ఉన్న మోడల్ వెతకండి. కాస్త వేగం కావాలంటే 2018 నాటి పోకో ఎఫ్1 మంచిది. అయితే దానిలో రెండు కంపెనీల తెరలు వాడారు, మీ ఫోనులో ఉన్నది టియాన్మానా, ఈబీబీజీనా అన్నది ముందే తెలుసుకుని దానికి తగిన కెర్నెల్ వేయాలి. ఫోను ఏ వ్యవస్థతో మొదలవ్వాలో చూసే బూట్‌లోడర్ తాళం తీయడానికి తయారీదారు కొన్ని రోజులు ఆగమంటాడు, ఆ తీసే సాధనానికి విండోస్ కంప్యూటరు కావాలి. వ్యవస్థ ఎక్కిన తరువాత ఫోనును యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు కలిపితే 172.16.42.1 చిరునామాలో లోపలికి వెళ్లవచ్చు, తెర పగిలిన ఫోనైనా ఈ దారిలో పనికొస్తుంది. ఏది కొన్నా, కొత్త వ్యవస్థ ఎక్కించే ముందు మోడెమ్‌కు సంబంధించిన విభాగాల నకలు తీసి కంప్యూటరులో భద్రపరచండి. ఐఎంఈఐ అనే ఫోను గుర్తింపు సంఖ్య, నెట్‌వర్కు అమరికలు వాటిలోనే ఉంటాయి, అవి చెరిగిపోతే ఆ ఫోనులో ఏ సిమ్ వేసినా సిగ్నల్ రాదు.