లెస్టర్‌కి గుజ్జు పంపబోతున్న అల్లుడికి

చిత్తూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ అత్తకి మోకాలి నొప్పి తగ్గింది, పొద్దున్నే గుడిదాకా నడిచి వస్తోంది.

బ్రిటన్‌లోని లెస్టర్ నుంచి ఒకాయన నాలుగు కంటైనర్ల తోతాపురి మామిడి గుజ్జు అడిగాడని రాశావు. సంతోషం. కానీ దాని కిందే "బ్రిటన్ యూరప్ నుంచి బయటికొచ్చేసింది కదా మామా, ఇక ఆ యూరప్ రూల్సు మనకుండవు, పని తేలిక" అని రాశావే, అక్కడ నాకు గుండె ఆగినంత పనైంది. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం వినవు. అందుకే కూర్చుని రాస్తున్నాను. రూల్సు ఎక్కడికీ పోలేదు నాయనా. ఇదివరకు రెండిటికీ కలిపి ఒక పుస్తకం ఉండేది, ఇప్పుడు రెండున్నాయి. ఆ రెండూ నువ్వే చదవాలి.

నరహరిపేట చెక్‌పోస్టు నీకు గుర్తుండదు. వేలూరు రోడ్డులో, తమిళనాడులో అడుగు పెట్టేముందు ఉండేది. 1998 జులైలో ఒక రాత్రి చెన్నై పోర్టుకి వెళ్లే లారీతో పాటు నేనూ ఎక్కాను. 3.1 కిలోల టిన్నులు, పెట్టెకి ఆరు చొప్పున 950 పెట్టెలు. ఇన్వాయిస్‌లో 950 అనే ఉంది. లారీతో పాటు ఉండాల్సిన వే బిల్లులో మాత్రం టైపు చేసిన పిల్లవాడు 590 కొట్టాడు. గేటు దగ్గర మనిషి టార్చిలైటు కాగితం మీద పెట్టి, వేలితో ఆ అంకె చూపించి, లారీని పక్కకి తీయమన్నాడు. డ్రైవరు చింతచెట్టు కింద స్టవ్ వెలిగించి అన్నం వండాడు. నేను తెల్లవారుజామున బస్సెక్కి చిత్తూరొచ్చి, ఆఫీసు తెరిచేదాకా మెట్ల మీద కూర్చుని, కాగితం మార్పించుకుని మళ్లీ వెళ్లాను. పోర్టుకి చేరేసరికి ఓడకి సరుకు తీసుకునే టైము దాటిపోయింది. తర్వాతి ఓడకి పది రోజులు. కొన్నవాడు ఆలస్యానికి డబ్బు కోసుకున్నాడు. కాయ మంచిది, గుజ్జు మంచిది, బ్రిక్స్, అంటే తీపి కొలత, సరిగ్గా ఉంది. అయినా లాభం మొత్తం ఆ ఒక్క అంకె తినేసింది.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది, ఆ పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. కొన్నాళ్లకి అదే రోడ్డులో వెళ్తూ కారాపమని దిగి చూశాను. లారీలు ఆగకుండా పోతున్నాయి. జీఎస్టీని తిట్టేవాళ్ల మాటల్లో న్యాయం లేదని నేననను, కానీ ఆ రోజు మాత్రం మనసు తేలికపడింది.

బ్రిటన్‌వాళ్లు చేసింది సరిగ్గా దీనికి ఎదురు పని. 1973లో యూరప్ కూటమిలో చేరారు. 1993 నుంచి కూటమి దేశాల మధ్య తిరిగే సరుకుకి సరిహద్దులో కస్టమ్స్ కాగితమే లేదు. 2016 జూన్ 23న ఓటు పెడితే 51.9 శాతం బయటికే అన్నారు. 2020 జనవరి 31న బయటికొచ్చారు, ఆ ఏడాది డిసెంబరు 31తో పాత పద్ధతి పూర్తిగా ఆగింది. దానికి వారం ముందు, డిసెంబరు 24న, యూరప్‌తో ఒక ఒప్పందం కుదిరింది. తమ దేశాల్లో తయారైన సరుకు మీద సుంకం వేసుకోం అన్నారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. కానీ సుంకం లేకపోయినా డిక్లరేషన్ కావాలి, సరుకు ఎక్కడ తయారైందో రుజువు కావాలి, తినే వస్తువైతే ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. స్కాట్లాండ్‌లో రొయ్యలు, పీతలు పట్టేవాళ్లు ఇదివరకు ఇవాళ పట్టి రేపటికల్లా ఫ్రాన్సు చేర్చేవాళ్లు. 2021 జనవరిలో కాగితాల దగ్గర లారీలు నిలిచి సరుకు పాడైంది. వాళ్లు లారీలు తీసుకుని లండన్‌లో పార్లమెంటు దగ్గరికే వెళ్లి నిరసన చేశారు. ఆ వార్త చూసినప్పుడు నాకు నరహరిపేట చింతచెట్టే కళ్ల ముందు కదిలింది.

పెద్ద కంపెనీలు ఆ కాగితాల కోసం నలుగురు మనుషుల్ని పెట్టుకుని తట్టుకున్నాయి. చిన్నవాళ్లు చాలామంది యూరప్‌కి పంపడమే మానుకున్నారు. కూటమిలోనే ఉండిపోయి ఉంటే వచ్చేదానికంటే దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తక్కువ ఉంటుందని వాళ్ల ప్రభుత్వ ఖర్చుల్ని లెక్కచూసే బడ్జెట్ బాధ్యతా కార్యాలయమే అంచనా కట్టింది. ఇది ఒక్కరోజులో తగిలే దెబ్బ కాదు. చెరువుకట్టకి చిన్న బొరియ పడితే నీళ్లు పోయినట్టు పోతుంది. అందుకే ఎవరికి ఎంత నష్టమో వాళ్లలో వాళ్లే ఇంకా వాదించుకుంటున్నారు.

అలాగని బయటికొచ్చినవాళ్లంతా తెలివితక్కువ వాళ్లని అనుకోకు. 2014 సంగతి గుర్తు చేస్తాను. మన మామిడిలో పండు ఈగ కనిపించిందని యూరప్ కూటమి ఆ ఏడాది మే 1 నుంచి మన మామిడిపండ్లని ఆపేసింది. లెస్టర్‌లో, లండన్‌లో మన గుజరాతీ దుకాణాలవాళ్లు లబోదిబోమన్నారు. వాళ్ల ఎంపీలు పార్లమెంటులో అడిగారు. కానీ నిర్ణయం కూటమి కార్యాలయాలున్న బ్రస్సెల్స్‌ది, లండన్ తనంతట తాను తలుపు తీయలేకపోయింది. 2015 జనవరిలో గానీ ఆ నిషేధం ఎత్తేయలేదు. మన ఇంటి తలుపు తాళం మన దగ్గరే ఉండాలి అనిపించడం తప్పని నేను అనలేను. మన దేశమూ 2019 నవంబరు 4న ఆర్‌సెప్ అనే ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య కూటమిలో చేరనని చెప్పి వచ్చేసింది. న్యూజిలాండ్ పాలపొడి వచ్చి పడితే ఏం కావాలని మన పాడి రైతులు ఎంత టెన్షన్ పడ్డారో మన ఊళ్లోనే విన్నాను. కానీ చేరకముందే వద్దనడం వేరు, 47 ఏళ్లు కలిసి కాపురం చేసి వేరుపడటం వేరు. వేరుపడ్డాక గోడ ఎక్కడ కట్టాలన్నదే పెద్ద తగువు.

ఆ గోడ తగువు ఉత్తర ఐర్లాండ్‌లో మొదలైంది. అది బ్రిటన్‌దే, కానీ పక్కనున్న ఐర్లాండ్ దేశం యూరప్ కూటమిలో ఉంది. ఆ రెండిటి మధ్య గేటు పెడితే 1998లో కుదిరిన శాంతి ఒప్పందానికి ముప్పు. అందుకని గేటు సముద్రం మీదికి జరిపారు, అంటే సొంత దేశంలోనే రెండు ముక్కల మధ్య తనిఖీ. 2023 ఫిబ్రవరిలో విండ్సర్ ఒప్పందంతో దాన్ని కొంత సడలించారు. స్కాట్లాండ్‌లో 62 శాతం ఉండిపోదాం అన్నవాళ్లే, వాళ్ల మనసింకా చల్లారలేదు. ఓటు రోజు కామెరాన్ ప్రధాని. తర్వాత థెరీసా మే, జాన్సన్, ట్రస్, సునాక్. 2024 జులైలో వచ్చిన స్టార్మర్ ఆరో మనిషి. మే తెచ్చిన ఒప్పందాన్ని 2019 జనవరిలో పార్లమెంటు 230 ఓట్ల తేడాతో తోసేసింది. "బయటికి" అన్న మాట మీద గెలిచారు గానీ, ఎలాంటి బయటికి అన్నది ఎవరూ ఓటుకి పెట్టలేదు. నా ఉద్దేశంలో వాళ్ల కష్టాల్లో సగానికి మూలం ఇదే.

ఈ రాజకీయం నీకెందుకు చెబుతున్నానంటే, ప్రభుత్వం మారినప్పుడల్లా నీ కాగితం మారుతుంది. యూరప్ నుంచి వచ్చే ఆహారానికి తనిఖీలు పెడతామని బ్రిటన్ 2021 నుంచి చెబుతూ, వాయిదా మీద వాయిదా వేసి, చివరికి 2024లో మొదలుపెట్టింది. మళ్లీ 2025 మేలో, ఆహారం, మొక్కల విషయంలో యూరప్‌తో రూల్సు కలుపుకుందామని రెండు వైపులా ఒప్పుకున్నాయి. కాబట్టి ఆ లెస్టర్ ఆయనతో అగ్రిమెంటు రాసుకునేటప్పుడు, మధ్యలో రూలు మారి ఖర్చు పెరిగితే అది ఎవరిదో ఒక వాక్యం ఉండి తీరాలి. మొహమాటపడొద్దు.

ఇంకో విషయం మా తలకు చుట్టుకున్నది. 2021 మొదట్లో మా డ్రమ్ములు అలవాటు ప్రకారం నెదర్లాండ్స్‌లోని రొటర్‌డామ్ పోర్టులో దిగాయి. అక్కడ యూరప్ సరుకుగా సుంకం కట్టి విడిపించి, అందులో కొంత బ్రిటన్‌కి పంపారు. అక్కడివాళ్లు ఇది యూరప్‌లో తయారైంది కాదు, ఇండియాది అని మళ్లీ సుంకం అడిగారు. ఒకే డ్రమ్ముకి రెండు గేట్లలో కట్టాం. కొన్నవాడు చేతులెత్తేశాడు. నువ్వు మాత్రం చెన్నై నుంచి నేరుగా బ్రిటన్ పోర్టుకే బుక్ చెయ్యి. ఓడ మధ్యలో ఎక్కడ ఆగినా ఫర్వాలేదు, సరుకు అక్కడ దిగుమతి కాకూడదు, అంతే. నీ కస్టమ్స్ ఏజెంటుకి ఇది మాటతో కాక రాతపూర్వకంగా చెప్పు.

దిగుమతి చేసుకునేది ఎవరి పేరు మీదో ముందే తేల్చుకో. ఆయన ఈఓఆర్‌ఐ నంబరు, అంటే కస్టమ్స్ దగ్గర వ్యాపారిని గుర్తించే నంబరు, జీబీతో మొదలవ్వాలి. ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో గోడౌన్ ఉంది, సరుకు అక్కడికి పంపమంటే ఆగి నన్నడుగు. అక్కడ ఆహారం రూల్సు చాలావరకు యూరప్‌వే. డ్రమ్ములతో లేబుల్ గొడవ తక్కువ. టిన్నులు నేరుగా దుకాణాల్లో అమ్మేవైతే లేబుల్ మీద బ్రిటన్ అడ్రసు ఉండాలి. యూరప్ అడ్రసుతో పాత స్టాకు లేబుళ్లు మిగిలాయని అవి అంటించకు.

పురుగుమందుల అవశేషాల సంగతి మరీ జాగ్రత్త. బయటికొచ్చిన రోజున రెండు చోట్లా ఒకే పరిమితులు. ఇప్పుడు బ్రిటన్ తన పరిమితులు తానే పెట్టుకుంటోంది. ల్యాబ్‌కి శాంపిల్ పంపేటప్పుడు రెండు లిస్టులతోనూ సరిచూసి రిపోర్టు ఇమ్మను. ఆ ఖర్చు చూసి వెనకాడొద్దు. ఒకచోట తిరగ్గొడితే ఇంకోచోట అమ్ముకునే దారి ఉంటుంది. రైతుల దగ్గరికి కూడా సీజన్‌కి ముందే వెళ్లు. దామలచెరువు మండీలో కాయ దిగాక ఏ మందు కొట్టావని అడిగితే ఎవరూ నిజం చెప్పరు.

ధర పౌండ్లలో చెప్పావా? 2016 జూన్ 23 రాత్రి పౌండు ఒకటిన్నర డాలరు దగ్గర ఉంది. తెల్లారేసరికి 1985 తర్వాత ఎప్పుడూ లేనంత కిందికి పడింది. అప్పుడు మాకు 90 రోజుల బిల్లొకటి పౌండ్లలో నడుస్తోంది. రైతులకి రూపాయల్లో పూర్తిగా కట్టేశాం, వచ్చింది తక్కువ. మా మేనేజరు టీవీ ముందు నిలబడి కాఫీ గ్లాసు పట్టుకునే ఉండిపోయాడు, తాగలేదు. డాలర్లలో ఒప్పించు. ఒప్పుకోకపోతే బ్యాంకులో ఫార్వర్డ్ కవర్ తీసుకో, అంటే మారకం రేటు ముందే ఖాయం చేసుకో.

ఇక మనకీ బ్రిటన్‌కీ 2025 జులై 24న సంతకాలైన వాణిజ్య ఒప్పందం. మన ఎగుమతుల్లో 99 శాతం రకాలకి వాళ్లు సుంకం తీసేస్తారని అందులో ఉంది. యూరప్‌లోనే ఉండి ఉంటే బ్రిటన్ ఒంటరిగా ఈ ఒప్పందం చేసుకోగలిగేది కాదు, అది ఒప్పుకోవాలి. కానీ పేపర్లో చూసి ధర తగ్గించేయకు. సుంకం లెక్కకి సరుకు రకానికిచ్చే హెచ్‌ఎస్ కోడ్ నీ గుజ్జుకి ఏదో, దానికి ఏ తేదీ నుంచి ఏ రేటో షెడ్యూల్లో చూసి, ప్రింటు తీసి ఫైల్లో పెట్టు. తీపి కలిపిన గుజ్జుకీ కలపనిదానికీ కోడ్ మారుతుంది.

బ్రిటన్ దొరికిందని జర్మనీలో మన సరుకు కొనే హాంబర్గ్ పార్టీని వదులుకోవద్దు, ఒక్క గేటునే నమ్ముకోకూడదు. గేటు మూస్తే ఏమవుతుందో 2025 జూన్‌లో మన జిల్లాలోనే చూశాం. ధర పడిపోయి మన రైతులు కాయ కొనే ర్యాంపుల దగ్గర ట్రాక్టర్లతో బారులు తీరితే, బయటి రాష్ట్రాల తోతాపురి రానివ్వొద్దని జిల్లాలో ఉత్తర్వులు ఇచ్చారు. మన రైతుకి అది ఊపిరి, నేను కాదనను. కానీ కర్ణాటకలో శ్రీనివాసపురం వైపు రైతులు ఏళ్ల తరబడి మన ఫ్యాక్టరీలనే నమ్ముకుని తోటలు పెంచారు. కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి ఉత్తరం రాయాల్సి వచ్చింది. అక్కడి నా పాత స్నేహితుడొకాయన ఫోన్ చేసి, "అన్నా, కాయ చెట్టు మీదే ఉంది" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

ఆదివారం ఆ అగ్రిమెంటు డ్రాఫ్టు తీసుకుని ఇంటికి రా. తిరుపతి నుంచి పొద్దున బస్సెక్కితే టిఫిన్ వేళకి ఉంటావు. ఇద్దరం కూర్చుని లైను లైనూ చదువుదాం. పాత కళ్లద్దాలు మార్పించుకున్నాను, ఇప్పుడు చిన్న అక్షరాలూ కనిపిస్తున్నాయి. అప్పటిదాకా ఆ లెస్టర్ ఆయనకి సరే అని మాటివ్వకు.

మీ మామయ్య