జీతం ఏ పద్దులోంచో ముందు తేల్చుకో

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఇంకో ఏడాదిన్నరలో మీ దాతల డబ్బు ఆగిపోతుందనీ, క్లినిక్‌లను మున్సిపాలిటీకి అప్పగించే పని నీ నెత్తిన పడిందనీ రాశావు. టెన్షన్ పడకు, ఏడాదిన్నర తక్కువేం కాదు. 2025 జనవరిలో అమెరికా సాయం ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు, హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో పెట్టిన మిత్ర్ క్లినిక్ మూతపడింది. వాళ్లకి సర్దుకునే వ్యవధే దొరకలేదు.

నేను పనిచేసిన ఆవాహన్ సంగతి నీకు పనికొస్తుంది. గేట్స్ ఫౌండేషన్ 2003లో మన రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లో మొదలుపెట్టిన హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం అది. దాన్ని ప్రభుత్వానికి ఒక్కసారిగా వదిలెయ్యలేదు. 2009లో కొన్ని ప్రాజెక్టులు, 2011లో ఇంకొన్ని, 2012లో చాలా భాగం అప్పగించారు. చేతులు మారకముందే జీతాలూ, క్లినిక్ ఖర్చులూ, రిజిస్టర్లూ ప్రభుత్వ నిబంధనలకు దించే ప్రయత్నం జరిగింది. మావాళ్లు గొణిగారు, కొందరు మానేశారు కూడా. అయినా ఆ ఇబ్బందేదో దాత ఉండగానే రావడం నయం, సర్దడానికి మనిషుంటాడు.

కాబట్టి నువ్వు ముందు చూడాల్సింది జీతాలు. మీ నర్సుకు ఇప్పుడిస్తున్న జీతం మున్సిపాలిటీ ఏ పద్దులోంచి ఇస్తుంది? పోస్టు మంజూరైందా, ఔట్‌సోర్సింగా? కమిషనర్ గారు "చూద్దాం లెండి" అంటే సంతోషపడిపోకు. ఆయన బదిలీ అయితే ఆ మాటా ఆయనతోపాటే పోతుంది. కౌన్సిల్ తీర్మానం, బడ్జెట్‌లో పద్దు, ఈ రెండూ కాగితం మీదకి రావాలి. వచ్చే ఏప్రిల్ బడ్జెట్‌లో కనిపించాలంటే ఈ దసరాకల్లా ఫైలు కదలాలి.

ఆర్థిక సంఘం గ్రాంటు ఉందిగా అంటారు. పదిహేనో ఆర్థిక సంఘం స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్లు సిఫార్సు చేసిన మాట నిజమే. కానీ అది 2021-26 మధ్య ఐదేళ్లకి. ఒక గ్రాంటు పోతోందని ఇంకో గ్రాంటు మీద ఆనుకుంటే మళ్లీ ఇదే ఉత్తరం రాస్తావు.

ఇక సామాన్లు. దాతలిచ్చిన రక్తపరీక్ష మెషీన్ దగ్గరికి వెళ్లి చూడు. లోగో స్టిక్కరు మెరుస్తూ ఉంటుంది, పక్కన సర్వీసు కార్డు మీద మాత్రం ఆఖరి తేదీ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. మెషీన్ ఇస్తామంటే ఎవరైనా సంతకం పెడతారు. దానికి రీఏజెంట్లు, అంటే పరీక్షకు వాడే రసాయనాలు, ఎవరు కొంటారు, రిపేరుకి ఎవరిని పిలుస్తారు అని అడుగు. జవాబు రాకపోతే ఆ పరీక్ష జిల్లా ఆసుపత్రి ల్యాబ్‌కి పంపే ఏర్పాటు ఇప్పుడే చెయ్యి. మందులు కూడా సర్కారు ఇండెంట్‌లోకి, అంటే సరఫరా చెయ్యమని పెట్టే జాబితాలోకి, ఎక్కించు. మొదటి రెండు మూడు ఇండెంట్లు ఆలస్యమవుతాయి, అప్పటికి మీ స్టోర్‌లో కొంత నిల్వ ఉంచుకో.

అన్నీ మిగుల్చుకోవాలని చూడకు. మీ వర్క్‌షాపులూ, రంగుల రిపోర్టులూ పోయినా ఎవరికీ జ్వరం రాదు. సాయంత్రం ఓపీ మాత్రం వదలకు, కూలికెళ్లేవాళ్లు వచ్చేది అప్పుడే. క్లినిక్‌కి వచ్చే ఆడవాళ్లని వార్డు కౌన్సిలర్ దగ్గరికి తీసుకెళ్లు. నువ్వు పది మెమోరాండాలిచ్చినా కదలని మనిషి ఓటర్లు గుమ్మంలో నిలబడితే కదులుతాడు.

ఖర్చుల పట్టిక పంపు. జీతాల వరస వేరుగా, మందులు వేరుగా రాయి. చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య