జర్మనీ నర్సు ఉద్యోగానికి 6 లక్షలు కట్టాలా?

ఏజెంటు అడుగుతున్న ఆ డబ్బు కట్టకండి. మీ చెల్లెలు బీఎస్సీ నర్సింగ్ చేసి, రెండేళ్లు వార్డులో పనిచేసిందన్నారు. జర్మనీలో నర్సుల కొరత ఎంతుందంటే ఆసుపత్రులే మనవాళ్లను వెతుక్కుంటున్నాయి. ‘ఫెయిర్ రిక్రూట్‌మెంట్ హెల్త్‌కేర్ జర్మనీ’ అని అక్కడొక ముద్ర ఉంది. అది ఉన్న సంస్థలు నర్సు దగ్గర నియామక ఖర్చు తీసుకోకూడదు. మన దగ్గర కూడా రిజిస్టర్డ్ ఏజెంటు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ మించి తీసుకోవడానికి లేదు. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో ఉందేమో ముందు చూడండి.

అసలు టెన్షన్ డబ్బు కాదండీ, భాష. నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా జర్మన్‌లో బీ2 స్థాయి, అంటే పనిలో ధారాళంగా మాట్లాడగలిగేంత భాష కావాలి. ఆరు నెలల్లో అయిపోతుందని ఏజెంటు చెప్తే నమ్మకండి, ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. హైదరాబాద్‌లో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పిస్తోంది, అక్కడ అడగండి.

ఇంకోటి. డిగ్రీ పరిశీలించాక ‘డెఫిజిట్‌బెషైడ్’ అని ఒక ఉత్తరం వస్తుంది. మన చదువులో ఏయే భాగాలు తక్కువో అందులో రాస్తారు. అది తిరస్కరణ కాదు. అక్కడికెళ్లి ఆ తక్కువైన భాగాలు నేర్పే అడాప్టేషన్ కోర్సు గానీ పరీక్ష గానీ పూర్తి చేస్తే సరిపోతుంది. అంతవరకు జీతం తక్కువే.

రోగికి స్నానం చేయించడం, తినిపించడం అక్కడ నర్సు పనే. ఇది ముందే చెప్పండి, చాలామంది అక్కడే డీలా పడతారు. యాస భయం మాత్రం అక్కర్లేదు. అక్కడి విదేశీ డాక్టర్లలో సిరియా వాళ్లే ఎక్కువ, వాళ్లూ పెద్దయ్యాక జర్మన్ నేర్చుకున్నవాళ్లే.