ముందు పిన్నీసులు తీయించు

ఒరేయ్ కిరణ్,

నీ మెసేజ్ చూశాను. ఫోన్‌ని ఛాతీ మీద పెట్టుకుంటే అందులోని మాగ్నెటోమీటర్, అంటే అయస్కాంత క్షేత్రం కొలిచే సెన్సర్, నిమిషానికి 72 సార్లు ఎగిరిందనీ, గుండె అయస్కాంత క్షేత్రం దొరికేసిందనీ రాశావు. గ్రాఫ్ ముచ్చటగా ఉంది. కానీ అది గుండె క్షేత్రం కాదురా.

ఒకసారి లెక్క చూడు. గుండె కరెంట్ వల్ల ఛాతీ బయట పుట్టే క్షేత్రం, శిఖరం దగ్గర కూడా 50 నుంచి 100 పికోటెస్లాలు. మైక్రోటెస్లాలో పది లక్షల వంతు ఒక పికోటెస్లా. మన దగ్గర భూమి క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు, అంటే దానికి లక్షల రెట్లు. ఫోన్ సెన్సర్ పసిగట్టే అతి చిన్న మార్పే మైక్రోటెస్లాలో పదోవంతు దగ్గర ఉంటుంది. గుండె దానికి ఎక్కడ ఆనుతుంది? నీకు కనబడింది ఛాతీ అదురు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఫోన్ కాస్త ఒరుగుతుంది. భూమి క్షేత్రంలో డిగ్రీలో అయిదో వంతు ఒరిగినా చాలు, వందకు పైగా నానోటెస్లాల తేడా రావచ్చు, అంటే మైక్రోటెస్లాలో పదోవంతు దాటి, ఫోన్‌కి కనబడేంత. కావాలంటే ఫోన్‌ని ఒంటికి తగలకుండా చెక్క స్టాండుకి కట్టి, ఛాతీకి రెండు వేళ్ల దూరంలో ఉంచి చూడు. ఆ గ్రాఫ్ మాయమైపోతుంది.

ఇందులో ఇంకో చిక్కుంది. వంద బీట్లు సగటు తీస్తే నాయిస్, అంటే సిగ్నల్‌లో కలిసే అక్కర్లేని గోల, పదో వంతుకి తగ్గుతుందని మీ సార్ చెప్పే ఉంటారు. నిజమే, కానీ అది గుండెతో సంబంధం లేని నాయిస్ విషయంలోనే. అదురు కూడా గుండె లయలోనే వస్తుంది కాబట్టి సగటు తీసేకొద్దీ ఇంకా అందంగా తేలుతుంది. అందుకే పక్కన ఈసీజీ తప్పనిసరిగా పెట్టుకో. అసలైన అయస్కాంత శిఖరం ఈసీజీలో ప్రతి బీటుకీ ఎత్తుగా లేచే ఆర్ శిఖరంతో ఒకేసారి వస్తుంది, రెండింటికీ మూలం ఒకే కరెంట్ కదా. అదురు మాత్రం పదుల మిల్లీసెకన్లు వెనకబడుతుంది. ఎలక్ట్రోడ్లు ఛాతీకి వద్దు, చేతులకి, కాళ్లకి అంటించు, వాటి బటన్లలో ఇనుముంటే మళ్లీ మొదటికొస్తుంది. ఈసీజీ, లాప్‌టాప్ రెండూ బ్యాటరీ మీదే నడవాలి. ఛార్జర్ పీకెయ్, ఇది ప్రాణానికి సంబంధించిన మాట.

ఇక నా కథ విను. మా ల్యాబ్‌లో గుండె క్షేత్రం కొలవడానికి ఒకసారి సెన్సర్ కింద నేనే పడుకున్నాను. గాజులు, జాకెట్ హుక్కులు అన్నీ చూసుకున్నాం. పుస్తెలతాడు మాత్రం తీయనన్నాను, బంగారం అయస్కాంతానికి అంటుకోదుగా అని వాదించి మరీ. గ్రాఫ్‌లో నాలుగు సెకన్లకోసారి పెద్ద అల వస్తుంది. కేబుళ్లు మార్చారు, ఫ్యాన్లు ఆపారు, రెండు రోజులు పోయాయి. చివరికి ఏమిటంటే, పుస్తెలతాడుకి నేను తగిలించుకున్న రెండు పిన్నీసులు! ఊపిరి పీల్చినప్పుడల్లా అవి పైకి లేస్తున్నాయి. మా కుర్రాళ్లు నా ముందు నవ్వలేక బయటికి పోయారు. 1969 చివర్లో అమెరికాలోని ఎంఐటీలో, డేవిడ్ కోహెన్ అనే శాస్త్రవేత్త బయటి అయస్కాంత క్షేత్రాలు చొరబడకుండా కట్టిన షీల్డ్ గదిలో, తొలిసారి స్క్విడ్ అనే అతి సున్నితమైన అయస్కాంత సెన్సర్‌తో గుండెను చూసినప్పుడు, ఆ సెన్సర్ తెచ్చిన జిమ్మర్‌మన్ గారే నిక్కరు తప్ప అన్నీ విప్పేసి నిలబడ్డారట. ఎందుకో నాకు ఆ రోజు బాగా అర్థమైంది.

నీకు స్క్విడ్ అందదు, దాన్ని చల్లబరచడానికి సాధారణంగా ద్రవ హీలియం కావాలి. దాని సంగతి తెలుసుకోవాలంటే కల్పాక్కంలోని అణు పరిశోధనా కేంద్రం ఐజీసీఏఆర్ వాళ్లు చేసిన పని చదువు. నీ బడ్జెట్‌కి గది ఉష్ణోగ్రతలో పనిచేసే టీఎంఆర్ సెన్సర్లే గతి, అయస్కాంత క్షేత్రాన్ని బట్టి వాటి విద్యుత్ నిరోధం మారుతుంది. ఒకటి కాదు, రెండు కొను. ఒకటి ఛాతీకి దగ్గరగా, రెండోది దాని పైన కాస్త ఎత్తులో పెట్టి తేడా తీసుకో. దూరంగా వెళ్లే కారు, లిఫ్టు లాంటివి రెండు సెన్సర్లకీ దాదాపు ఒకేలా తగులుతాయి, గుండె మాత్రం దగ్గరదానికే ఎక్కువ తగులుతుంది. 1963లో అమెరికాలోని సిరక్యూస్‌లో బౌల్, మెక్‌ఫీ అనే శాస్త్రవేత్తలు మొట్టమొదట గుండెను పట్టిందీ ఇలాగే, ఒక్కోటి ఇరవై లక్షల చుట్లున్న రెండు తీగచుట్టలతో. అదీ ఊరి గోల లేని ఆరుబయట. నువ్వు కనీసం రాత్రి పదకొండు దాటాక, లిఫ్టు ఆగాక మొదలుపెట్టు. ఇనుప మంచం వద్దు. నవారు మంచం దొరికితే మేకులు లేవని చూసుకో. సెన్సర్ స్టాండు మంచాన్ని తాకకూడదు.

మొదటి వారం మనిషినే పడుకోబెట్టకు. ఖాళీ మంచం మీద రికార్డ్ చేసి, అందులో ఏమేం కనిపిస్తున్నాయో ఒక్కొక్కటీ పేరు పెట్టి రాసుకో. ఇంటి కరెంట్ తాలూకు 50 హెర్ట్జ్ ఎటూ ఉంటుంది, మిగతావి నాకు పంపు.

ఆ ఫోన్ గ్రాఫ్ మాత్రం పారేయకు. రిపోర్టులో మొదటి బొమ్మగా పెట్టి కింద 'ఛాతీ అదురు' అని రాయి. వైవాలో అడగబోయే ప్రశ్న అదే.

దసరాకి వస్తావుగా, అటక మీద నా పాత రాగితీగ చుట్టలు రెండున్నాయి, పట్టుకుపో.

మీ అత్తయ్య