సైకాలజీ ప్రొఫెసర్‌కు మహిళా అధ్యయనాలు, పేదరిక పరిశోధనతో సంబంధం ఏమిటి?

చాలా దగ్గరి సంబంధమే. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో తమిళనాడు చెరకు రైతులకు కోతకు ముందు, కోత డబ్బు అందాక ఆలోచనా సామర్థ్య పరీక్షలు పెట్టారు. మనుషులు వాళ్లే, అయినా చేతిలో పైసా ఆడనప్పుడు ఫలితాలు తగ్గాయి. తెలివి లేకే పేదలయ్యారనే వాళ్లకు ఇది చెంపపెట్టు. చిత్తూరు బెల్లం రైతుకు చెబితే ‘ఇది మాకు తెలియనిదా’ అంటాడేమో!

ఇక పేదరిక సర్వేలో కుటుంబ ఆదాయం ఒక్కటే అడిగితే ఇంట్లో చివరగా ఎవరు తింటున్నారో, వడ్డీ కట్టడానికి ఎవరి గాజులు తాకట్టుకు వెళ్లాయో తెలియదు. అలాంటివి నొప్పించకుండా అడిగి రాబట్టడంలో సైకాలజీ శిక్షణ అక్కరకొస్తుంది.

సైకాలజీ వాళ్లకు ఈ రంగంలో ఉద్యోగం సంగతికొస్తే, 1986 జాతీయ విద్యా విధానం మహిళా అధ్యయనాలకు ఊతమిచ్చింది. తిరుపతిలో 1983లో ఏర్పడిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఆ విభాగం ఉంది.