కొండమీద గుర్తురాని సిగరెట్, కిందికి దిగగానే ఎందుకు లాగుతుంది?

తిరుమలలో రెండు రోజులున్నా సిగరెట్ మీదికి మనసు పోలేదని, తిరుపతిలో టీ కొట్టు దగ్గర నిలబడగానే ఒకటి కాల్చేశానని రాశారు. ఇక మానడం నావల్ల కాదా అన్నారు.

ఎందుకు కాదు? కొండమీద పొగ తాగడం నిషేధం, అలిపిరి తనిఖీలోనే ప్యాకెట్ తీసేసుకుంటారు. దొరకదని తెలిస్తే మనసు కూడా పెద్దగా అడగదు. కింద అలా కాదు. చేతిలో వేడి టీ, పక్కవాడి పొగ, కొట్టుకు కట్టిన లైటర్... నికోటిన్ అవసరం కంటే ముందు అలవాటు లేస్తుంది. అందుకే మొదటి నెల టీ ఇంట్లోనే తాగండి. ఫ్రెండ్స్ ఏమన్నా అనుకోనీండి.

యావ పుట్టినా సాధారణంగా కొన్ని నిమిషాలే. ఆ కాసేపు అక్కడి నుంచి కదలండి, నీళ్లు తాగండి. మొదటి రెండు మూడు రోజులే గట్టి దెబ్బ: చిరాకు, టెన్షన్, నిద్ర పట్టకపోవడం. కొన్ని వారాల్లో తగ్గుతాయి.

మెడికల్ షాపులో నికోటిన్ గమ్ దొరుకుతుంది. చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలి, వెక్కిళ్లొచ్చాయని పారేస్తారు. నెమ్మదిగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గలో పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. గమ్ వేసుకోవడానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ వద్దు. గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడిగాకే వాడాలి.

కాల్చింది ఒక్కటే కదా, అక్కడితో ఆపండి. 'ఎలాగూ చెడింది' అనుకుని ప్యాకెట్ కొంటేనే అసలు చిక్కు. మళ్లీ మనసు లాగితే, పొగాకు మానడానికి సాయపడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1800-11-2356కి ఫోన్ చేయండి, ఉచితం.